ఇంగ్లీషును ఇంగ్లీషులోకి అనువదించినవాడు

ఎబో ఎసిల్ఫీ మా ఊరి కోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు దుబాసీగా పనిచేశాడు. సాక్షి మా తీరపు భాష ఫాంటీలో చెప్పింది మెజిస్ట్రేటుకు ఇంగ్లీషులో చెప్పాలి, మెజిస్ట్రేటు ఇంగ్లీషులో అడిగింది సాక్షికి ఫాంటీలో చెప్పాలి. ఆయన ఉద్యోగం అంతే. ఎవరెలా చెబితే అలాగే చెప్పాలన్నది నిబంధన కాబట్టి, సాక్షి "నేను" అంటే ఆయనా "నేను" అనాలి. అలా ఆయన "నేను ఆ మేకను దొంగిలించాను", "నేను నా బావమరిదిని తెడ్డుతో కొట్టాను", "నేను ఇద్దరిని పెళ్ళి చేసుకున్న మాట నిజమే" అని నిండు కోర్టులో, మడత నలగని నల్లకోటు వేసుకుని, స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నోటితో ఒప్పుకోని నేరం లేదు. సాయంత్రం ఇంటికి రాగానే భార్య అరబా మొదట అడిగేది అదే.

"ఏమయ్యా, ఇవాళ ఏం చేసొచ్చావు?"

"పొద్దున దొమ్మీ. భోజనం తర్వాత కాస్త ఫోర్జరీ."

"అలిసిపోయుంటావు. కూర్చో."

వాళ్ళ మేడమీద రెండు గదుల్లో నేను పద్నాలుగేళ్ళు అద్దెకున్నాను. మన దేశంనుంచి వెళ్ళి ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. చెప్పబోయేదంతా కొంత నా కళ్ళతో చూసింది, కొంత ఆయన చెప్పగా విన్నది, మిగిలింది అరబా సరిదిద్దింది.

ఎబో తండ్రి చేపలు పట్టేవాడు. పిల్లవాణ్ణి మిషన్ బడిలో వేశారు. తొమ్మిదో ఏట అతనికి ఇంగ్లీషు మూలంగా మొదటి దెబ్బలు తగిలాయి. టీచరు "డాష్" అనే మాటతో ఒక వాక్యం రాయమన్నాడు. పిల్లవాడు "మా నాన్న ఫాదర్ గారికి చేపను డాష్ చేశాడు" అని రాశాడు. నిజంగా జరిగిందే రాశాడు. ముందు రోజు తండ్రి మంచి చేపనొకదాన్ని తీసుకెళ్ళి ఫాదర్ గారికి ఊరికే ఇచ్చి వచ్చాడు. మా తీరంలో ఆ పనిని డాష్ చెయ్యడమనే అంటారు. కానీ టీచరు బల్లమీదున్న నిఘంటువులో ఆ మాటకు పరుగెత్తడమనీ, విసిరికొట్టడమనీ, ఒక గీత అనీ, ఒక చిటికెడు అనీ ఉంది తప్ప ఇవ్వడమని లేదు. పరుగూ గీతా చిటికెడూ ఆ వాక్యంలో ఇమడవు. కాబట్టి మత్స్యకారుడు ఫాదర్ గారి మొహాన చేప విసిరికొట్టాడని తేలింది. చర్చిని అవమానించినందుకు ఆరు, అబద్ధమాడినందుకు నాలుగు బెత్తం దెబ్బలు పడ్డాయి.

ఏడుస్తూ ఇంటికొస్తే నాయనమ్మ అంది, "అది తెల్లవాళ్ళ మాటని ఎవరు చెప్పార్రా నీకు? ఎవరైనా మేలు చేస్తే మనం దండం పెట్టి మెదాసే అంటాం కదా. మన దాసే దాసే విని విని వాళ్ళకి డాష్ అయింది. మన దగ్గర నేర్చుకున్నారు. మళ్ళీ మనల్నే కొడుతున్నారు."

ఆదివారంనాడు ధైర్యం చేసి ఫాదర్ గారినే అడిగాడు. ఆయన చేపను వండించుకుని తిన్నవాడు గనక ఓపిగ్గా చెప్పాడు: ఇంగ్లీషువాళ్ళ కంటే ముందు ఈ తీరానికి పోర్చుగీసువాళ్ళు వచ్చారు, వాళ్ళ భాషలో "దాస్" అంటే ఇస్తావు అని, అక్కణ్ణించే వచ్చి ఉంటుందని. టీచరు మాత్రం అది స్వచ్ఛమైన ఇంగ్లీషు మాటేననీ, ఉత్తరాన చలిదేశాల వాళ్ళ దగ్గర కొట్టడమనే అర్థంతో పుట్టిందనీ, తాను చేతల్లో చూపించింది కూడా ఆ అర్థాన్నేననీ అన్నాడు.

ముగ్గురూ ఆ మాట తమకు తెలిసినవాళ్ళదేనన్నారు. దానికి లంచమని ఇంకో అర్థం కూడా ఉందని ఎబో పెద్దయ్యాక తెలుసుకున్నాడు. ఆ అర్థం ఎవరి దగ్గరనుంచి వచ్చిందని అడిగితే మాత్రం ఎవరూ తమదనలేదు.

దెబ్బలు తిన్నవాడు ఆ భాషకు దూరమవుతాడనుకుంటాం. ఎబో దాన్ని వదలలేదు. ఒక అట్ట నోటుబుక్కు పెట్టుకుని, విన్న ఇంగ్లీషు మాటకల్లా ఎవరు ఏ అర్థంలో వాడారో, ఎక్కడ వాడారో రాయడం మొదలుపెట్టాడు. చాలా మాటలకు రెండు మూడు వరుసలు సరిపోయాయి. డాష్‌కు పదకొండు పేజీలు పట్టింది. అందులో లారీ డ్రైవరు ముందున్న పలకా ఉంది, తంతిలో చుక్క పక్కన గీతా ఉంది, సూపులో చిటికెడు మిరియాలూ ఉన్నాయి, స్కూలు ఆటలపోటీల్లో వంద గజాల పరుగూ ఉంది, ఇంగ్లీషు దొర తిట్టు మింగి దానికి బదులుగా అన్న మాటా ఉంది. మిగతా ఎనిమిది పేజీలూ ఇవ్వడం గురించే.

ఆ నోటుబుక్కు ఎవరికీ పనికిరాదని అరబా అభిప్రాయం. అది అబద్ధమని 1974లో తేలింది. పనికిరాకుండా ఉంటే బాగుండునని తర్వాత అందరం అనుకున్నాం.

మా ఊరి పొలిమేరలో పోలీసుల తనిఖీ గేటు ఉండేది. కాల్చిన చేపల బుట్టలతో టకోరాడి మార్కెట్‌కు వెళ్ళే ఆడవాళ్ళ లారీలు అక్కడ ఆగేవి. ఆడవాళ్ళు కాగితంలో చుట్టిన నాలుగు చేపలు ఇచ్చేవారు, లారీ కదిలేది. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చేపలు ఇవ్వకపోయినా లారీ కదిలేదేనేమో, ఎవరూ ప్రయత్నించి చూడలేదు. ఒక సోమవారం పొద్దున ఆబా మాన్సా అనే ఆవిడ ఎప్పటిలాగే పొట్లం అందించింది. ఎప్పటిలాగే కార్పొరల్ తావియా చెయ్యి చాచాడు. చాచాక గానీ, తనిఖీకి పై నుంచి వచ్చిన అధికారి చెట్టుకింద నిలబడి తననే చూస్తున్న సంగతి గమనించలేదు. చాచిన చేతిని వెనక్కి తీసుకోవడం కష్టం. తావియా తెలివైనవాడు. ఆ చేత్తోనే ఆబా మణికట్టు పట్టుకుని, లంచం ఇవ్వజూపినందుకు అరెస్టు చేస్తున్నానన్నాడు.

"చెయ్యి వదులు తమ్ముడూ, బుట్ట పడిపోద్ది" అందిట ఆవిడ. సరదాకి అంటున్నాడనుకుంది.

కోర్టు మంగళవారాల్లో కూర్చునేది. ఆ రోజు ఆచారం ప్రకారం ఎవరూ సముద్రం మీదికి వెళ్ళరు గనక ఊరంతా వినడానికి వచ్చేది. మెజిస్ట్రేటు దెగ్బే గారు వోల్టా నదికి అవతలి ఎవే తెగ మనిషి. చిన్నవాడు, శ్రద్ధగలవాడు. ఆయనకు ఫాంటీ రాదు. మా స్కూలు అయిదుగంటలకు గానీ వదలదు కాబట్టి ఆ రోజు జరిగింది నేను తర్వాతే విన్నాను. కానీ పదిమంది నోట విన్నాను, పదిమందీ ఒకేలా చెప్పారు.

ప్రాసిక్యూటరు లేచి ఆబాను అడిగాడు, "ఆ పొద్దున కార్పొరల్‌కి ఏమిచ్చావు?"

"చేపలిచ్చాను."

"ఎందుకిచ్చావు?"

"ఎందుకేంటి బాబూ. డాష్."

ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. "విన్నారుగా అయ్యా. ఒప్పుకుంది."

మెజిస్ట్రేటు కలం తీశాడు. దుబాసీ చెప్పేదాకా రాయకూడదు గనక ఎబో వంక చూశాడు.

"ఎసిల్ఫీ గారూ, చెప్పండి."

"ఆలోచిస్తున్నానయ్యా."

"ఇందులో ఆలోచించేదేముంది. ఆవిడ అన్నది ఇంగ్లీషేగా. నాకర్థమైంది, రాసుకుంటున్నాను."

"క్షమించాలి. ఆవిడకి ఇంగ్లీషు రాదయ్యా. రాని భాషలో ఎలా మాట్లాడుతుంది? ఆవిడ అన్నది ఫాంటీ మాట, తమరు విన్నది ఇంగ్లీషు మాట. రెండూ ఒకేలా వినపడతాయి, అంతే."

"సరే, అయితే అనువదించండి."

"అదే ఆలోచిస్తున్నానయ్యా. దానికి ఇంగ్లీషులో మాట లేదు."

వెనక బెంచీల్లో నవ్వులు. దెగ్బే గారు నవ్వలేదు. "ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషులో మాట లేదంటారా?"

"పెట్టడానికి చాలా ఉన్నాయి. ఏది పెట్టినా ఆవిడ అననిది నేను అన్నట్టవుతుంది. నేను చేసిన ప్రమాణం అందుకు కాదయ్యా."

ముప్పై ఒక్క ఏళ్ళలో కోర్టులో ఆయన తన సొంత నోటితో "నేను" అనడం అదే మొదటిసారి. రికార్డు రాసే గుమాస్తా ఆ "నేను" ఎవరో తెలియక రెండుసార్లు కొట్టేశాడు. దెగ్బే గారు కేసు వచ్చే మంగళవారానికి వాయిదా వేసి, ఆ మాటకున్న అర్థాలన్నీ కాగితం మీద రాసి తెమ్మన్నాడు.

మర్నాడు సాయంత్రం ఎబో నోటుబుక్కు చంకలో పెట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చాడు.

"మాస్టారూ, మీ భాషలో దీన్నేమంటారు?"

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో టమాటాలమ్మే ఆవిడ "ఉండు, నీకు డాష్ ఇస్తాను" అంటే రెండడుగులు వెనక్కి వేసిన సంగతి చెప్పాను. మా వైపు డాష్ ఇవ్వడమంటే బండితో గుద్దడం. ఆయన అది కూడా శ్రద్ధగా రాసుకున్నాడు. పన్నెండో పేజీ మొదలైంది.

"అది సరే. ఇవ్వడానికి ఏమంటారు?"

"చాలా మాటలున్నాయి. కొన్నదానిపైన కాస్త ఎక్కువ వేస్తే కొసరు. పెద్దవాళ్ళు సంతోషించి ఇస్తే ఈనాం. నెలనెలా ఎవరూ అడక్కుండా పోలీసుకు ముడితే మామూలు. పని జరగడానికి చేతిలో పెడితే లంచం."

ఆయన కలం ఆగిపోయింది. మొహంలో అసూయ లాంటిది కనపడింది. "ప్రతిదానికీ వేరే మాట ఉందా? అయితే మీ దేశంలో ఎవరికీ ఏ గందరగోళమూ ఉండదన్నమాట. లంచం తీసుకునేవాడికి తను తీసుకునేది లంచమని తెలిసిపోతుంది."

నేను టీ పెడతానని లేచాను.

"మరి తెలిశాక తీసుకోరుగా?" అన్నాడు నా వెనకనుంచి.

పంచదార ఎంత వెయ్యమంటారని అడిగాను.

వారం రోజులూ కూర్చుని ఆయన నాలుగు పేజీల కాగితం తయారుచేశాడు. ఆ మంగళవారం నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన ఒక్కొక్క వాక్యమూ ఇంగ్లీషులో ఒకసారి, ఫాంటీలో ఒకసారి చదివాడు. అమ్మకం మీద వేసే కొసరు డాష్. కొత్తగా ఊరొచ్చినవాడికి పంపే గుడ్లు డాష్. పెద్దమనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదని తీసుకెళ్ళేది డాష్. చేసిన మేలుకు తర్వాత తెచ్చి ఇచ్చేది డాష్. చెయ్యబోయే మేలుకు ముందుగా ఇచ్చేదీ డాష్. చివర ఇలా రాశాడు: "ఈ అర్థాల్లో చట్టం దృష్టిలో నేరమయ్యేది ఆఖరుది ఒక్కటే. ముందు ఇచ్చారా, తర్వాత ఇచ్చారా అన్నది మాటలో ఉండదు. మాట పలికిన మనిషినీ, ఆ చోటునూ చూసి తెలుసుకోవాలి."

దెగ్బే గారు కాగితం రెండుసార్లు చదివి, కార్పొరల్ తావియాను బోనులోకి పిలిచాడు.

"ఈవిడ పొట్లం ఇచ్చింది గేటు ఎత్తకముందా, ఎత్తాకా?"

తావియా ఇబ్బందిలో పడ్డాడు. ఎత్తకముందే అంటే, గేటు ఎత్తకుండా దేనికోసం చూస్తున్నావని అడుగుతారు. ఎత్తాక అంటే కేసు లేదు. అతను ప్రాసిక్యూటరు వంక చూశాడు. ప్రాసిక్యూటరు కిటికీ వంక చూశాడు.

"చెప్పవయ్యా. గేటు పైనుందా, కిందుందా?"

"గేటు లేదయ్యా" అన్నాడు తావియా చివరికి.

"లేదంటే?"

"ఈస్టరుకి ముందు లారీ ఒకటి గుద్దితే విరిగిపోయిందయ్యా. కొత్త బొంగు కోసం పైకి రాశాం. ఇంకా రాలేదు."

"గేటు లేకుండా లారీలు ఎందుకు ఆగుతున్నాయి?"

తావియాకు తెలియదు. కోర్టు ఆబా మాన్సాను అడిగింది. ఆవిడ "ఆగకపోతే పలకరించకుండా పోయినట్టుంటుంది కదయ్యా" అంది. ఎబో ఆ మాటను తడుముకోకుండా అనువదించాడు. కేసు కొట్టేశారు. తావియాకు మాత్రం ఏమీ కాలేదు. నెల తిరక్కుండా కొత్త బొంగు వచ్చింది.

ఇక్కడితో అయిపోతే ఎబో ఎసిల్ఫీ మర్యాదగా రిటైరయ్యేవాడు. మర్నాడు పొద్దున మేం ఇంకా పళ్ళు తోముకుంటుండగా ఆబా మాన్సా తలమీద పెద్ద బుట్టతో వచ్చింది. వెనక ఇద్దరు చెల్లెళ్ళు. బుట్టనిండా ఎంచి ఏరిన కాల్చిన చేపలు. వీధంతా చూస్తుండగా వరండాలో దించింది.

"పెద్దాయనా, ఇది మీకు."

ఎబో మొహం కడుక్కుంటున్నవాడు అలాగే నిలబడిపోయాడు. "వద్దు చెల్లెమ్మా. నేను కోర్టు మనిషిని. తీసుకోకూడదు."

"ఎందుకూ? కేసు అయిపోయిందిగా. నిన్న మీరే చదివారు, అందరం విన్నాం. తర్వాత ఇస్తే అది దండం పెట్టినట్టేనని."

"అది నిజమే."

"మరి నేను ఇచ్చింది తర్వాతా, ముందా?"

"తర్వాతే."

"అయితే తీసుకోండి. తీసుకోనంటే ఇది లంచమని మీరే అంటున్నట్టు. నిన్న కోర్టులో దేవుడి పేరు చెప్పి చదివింది అబద్ధమన్నట్టు."

ఆయన అరబా వంక చూశాడు. అరబా చేపల వంక చూస్తోంది. బాగా కాలిన చేపలు. ఆయన ఎంతసేపు ఆలోచించాడంటే ఎదురింటివాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. తీసుకుంటే కక్షిదారు దగ్గర చెయ్యి చాచినవాడవుతాడు. తిప్పి పంపితే ప్రమాణం తప్పినవాడవుతాడు. చివరికి ఆయన బుట్టను తాకకుండా, "కోర్టే చెప్పాలి" అన్నాడు. ఒక చేతిబండి మాట్లాడి బుట్టను కోర్టుకు తీసుకెళ్ళి, రిజిస్ట్రారు ముందు పెట్టి, పుస్తకంలో ఎక్కించమన్నాడు. వరస సంఖ్య, తేదీ, "కాల్చిన చేపలు, ఒక బుట్ట, అర్థం తేలవలసి ఉంది" అని ఎక్కించారు. బుట్టను సాక్ష్యాల గదిలో పెట్టి తాళం వేశారు.

వారంలో పేరులేని ఉత్తరం ఒకటి పైకి వెళ్ళింది, ఫలానా దుబాసీ ఫలానా ముద్దాయిని విడిపించి చేపలు పుచ్చుకున్నాడని. ఎవరు రాశారో తెలియదు. దాని ఇంగ్లీషు పోలీసుల ఇంగ్లీషులా ఉందని ఎబో అన్నాడు గానీ పేరు చెప్పలేదు. విచారణ తేలేదాకా కోర్టు గడప తొక్కవద్దని ఉత్తర్వు వచ్చింది. జీతం సగానికి తెగ్గోశారు.

అది తేలడానికి పట్టిన నాలుగు నెలలూ మంగళవారం పూట ఆయన కోటు వేసుకుని వరండాలో కూర్చునేవాడు. అరబా ఏమీ అడిగేది కాదు. ఒప్పుకోవడానికి ఆయన దగ్గర నేరాలు లేవు. ఒకరోజు నాతో అన్నాడు, "మాస్టారూ, నాకు నా సొంత మాటలు తక్కువ. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ మాటలతో గడిపేశాను."

ఇంట్లో గడవడం ఎలా ఉందని ఎవరూ అడగలేదు గానీ చేపలకు లోటు లేదని నాకు వాసనే చెప్పేది. అరబా మార్కెట్‌కు వెళ్ళి ఆబా మాన్సా దగ్గర రెండు చేపలు కొనేది. ఆబా వాటిమీద కొసరుగా ఎనిమిది వేసేది. మూడోవారం ఎబో కంచంలోకి చూసి అడిగాడు.

"ఇన్ని ఎక్కడివి?"

"కొన్నాను."

"ఎన్ని కొన్నావు?"

"రెండు. మిగతావి కొసరు. నీ కాగితంలో మొదటి అర్థం అదే కదా. అందులో తప్పేమీ లేదని రాశావు."

"కొసరంటే ఒకటి. రెండు. ఎనిమిది కొసరుంటుందా ఎక్కడైనా?"

"ఎన్నుండాలో నీ కాగితంలో లేదు. కెంకే ముద్ద చల్లారిపోతోంది, తిను."

ఆయన తిన్నాడు. కానీ తిన్నాక పుస్తకం తెరిచి ఏదో రాశాడు. ఏం రాశాడని అరబా అడిగితే, ఇంకో అర్థం దొరికిందన్నాడు.

ఎడారి వైపునుంచి వచ్చే హార్మటాన్ గాలి దుమ్ము రేపుతున్న రోజుల్లో జిల్లానుంచి విచారణాధికారి వచ్చాడు. పెద్దవయసువాడు, ఎర్ర కళ్ళు. ఇంగ్లీషులోనే అడిగాడు.

"ఆ చేపలు ఆవిడ మీకెందుకిచ్చింది?"

"డాష్ అయ్యా."

అధికారి రాసుకోబోయాడు. ఎబో చెయ్యెత్తాడు.

"నాకు దుబాసీ కావాలయ్యా."

"మీకు ఇంగ్లీషు వచ్చు కదా. మీరే దుబాసీ."

"వచ్చయ్యా. కానీ ఆ జవాబు నేను ఫాంటీలో చెప్పాను."

చట్టంలో ఆ హక్కు ఉంది. కాదనడానికి లేక, ఎబో బదులు కోర్టులో పనిచేస్తున్న బైడూ అనే కుర్ర దుబాసీని పిలిపించారు. ఇరవై అయిదేళ్ళుంటాయి, చకచకా మాట్లాడతాడు. ఎబో లేచి నిలబడి, ఫాంటీలో, ఒక్కొక్క మాటా ఆగి ఆగి మళ్ళీ చెప్పాడు, ఆవిడ తనకు డాష్ తెచ్చిందని, ఏ రోజు తెచ్చిందో, ఏ మాట అని ఇచ్చిందో.

బైడూ అధికారి వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఆవిడ నాకు లంచం తెచ్చి ఇచ్చింది" అన్నాడు.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎబో తల తిప్పి ఆ కుర్రవాణ్ణి చూశాడు. కోపంగా కాదు. తను చెయ్యని నేరాన్ని తన తరఫున ఇంకొకరు "నాకు" అని శుభ్రమైన ఇంగ్లీషులో ఒప్పుకుంటుంటే వినడం ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. ఇన్నేళ్ళూ బోనులో నిలబడి తన వంక అలాగే చూసినవాళ్ళందరూ గుర్తొచ్చారని తర్వాత అన్నాడు. వాళ్ళలో కొందరికి ఇంగ్లీషు వచ్చేమోననీ అన్నాడు.

ఆయన్ని బయటపడేసింది మాట కాదు, రిజిస్ట్రారు పుస్తకం. ఉత్తరం వెళ్ళడానికి ఆరు రోజుల ముందే బుట్ట కోర్టుకు చేరినట్టు అందులో ఉంది. అధికారి సాక్ష్యాల గది తెరిపించాడు. బుట్ట ఉంది, చేపలు లేవు. పిల్లులు తిన్నాయని రిజిస్ట్రారు చెప్పాడు. తాళం వేసిన గదిలోకి పిల్లులు ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు. ఆ గది తాళంచెవి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల దగ్గర ఉండేది.

తీర్పు మూడు పేజీలు వచ్చింది. లంచం ఆరోపణ రుజువు కాలేదు. అయితే, పైవారి అనుమతి లేకుండా ఒక ఇంగ్లీషు మాటను ఇంగ్లీషులోకి అనువదించి తన పరిధి దాటినందుకు మందలించారు. ఎబో ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "ఇది మాత్రం నిజం" అన్నాడు. మందలింపును ఆయన ఒప్పుకున్నట్టు నాకు అనిపించింది.

ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళేసరికి రిటైరు కావడానికి మూడు మంగళవారాలు మిగిలాయి. మూడు వారాలూ గట్టు తగాదాలే వచ్చాయి. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. వీడ్కోలు రోజున ఆఫీసువాళ్ళు గోడగడియారం బహుకరించారు. ఆయన దాన్ని పెట్టెలోంచి తియ్యకుండా, దీన్ని తీసుకోవచ్చునా అని రాతపూర్వకంగా అడిగాడు. జవాబు రావడానికి ఏడాది పట్టింది. తీసుకోవచ్చునన్నారు. అప్పటికి గడియారం ఆగిపోయింది.

ఆ తర్వాత కోర్టు పని సులువైంది. బైడూ డాష్ అన్న మాట వినగానే లంచమని చెప్పేసేవాడు. మెజిస్ట్రేటు మారిపోయాడు, కొత్తాయనకు అర్థాల మీద ఆసక్తి లేదు. గేటు దగ్గర పట్టుబడిన ఆడవాళ్ళకు వరసగా జరిమానాలు పడ్డాయి. ఎబో వెనక బెంచీలో కూర్చుని వినేవాడు. బైడూ ఆ మాట అన్నప్పుడల్లా ఆయనకు గొంతు సవరించుకోవలసి వచ్చేది. నాలుగోసారికి మెజిస్ట్రేటు ఆయన్ని బయటికి వెళ్ళమన్నాడు.

అప్పటినుంచి ఆడవాళ్ళే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మంగళవారం కేసుంటే సోమవారం సాయంత్రం వచ్చి వరండా మెట్లమీద కూర్చునేవారు.

"రేపు ఏం చెప్పమంటారు పెద్దాయనా?"

"జరిగిందే చెప్పు."

"జరిగింది డాషే కదా."

"ఆ ఒక్క మాట వదిలెయ్ తల్లీ. అది తప్ప ఏదైనా చెప్పు. ఏం చేశావో, ఎప్పుడు చేశావో, అప్పుడు నీ మనసులో ఏముందో చెప్పు. పొట్టి మాటలు కోర్టుకి ఇష్టం. నువ్వు పొడుగ్గా చెప్పు."

వాళ్ళు పొడుగ్గా చెప్పారు. "పొద్దున ఎండలో నిలబడ్డాడు, మొహం పీక్కుపోయి ఉంది, మా తమ్ముడి ఈడువాడు, వాళ్ళమ్మ నాకు తెలుసు, తిన్నావా అంటే లేదన్నాడు, బుట్టలో పైనున్నది తీసి పెట్టాను, లారీ అప్పటికే కదులుతోంది" అని ఒకావిడ ముప్పావుగంట చెప్పింది. అందులో ఎక్కడ లంచమో మెజిస్ట్రేటుకు దొరకలేదు. ఏడాది తిరిగేసరికి మా ఊరి కోర్టులో ఆ మాటే వినపడ్డం మానేసింది. కేసులు రెండింతలు ఆలస్యమయ్యాయి. జరిమానాలు పడ్డం ఆగిపోయింది. తావియాను ఇంకో ఊరికి మార్చారు. చేపలు మాత్రం యథాప్రకారం చేతులు మారాయి.

ఒక బుధవారం సాయంత్రం నేను స్కూలునుంచి వస్తుంటే వరండాలో బైడూ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కోటు. మొహం వాడిపోయి ఉంది.

"పెద్దాయనా, మీ ఆడవాళ్ళ మాటలు నా వల్ల కావట్లేదు" అంటున్నాడు. "నిన్న ఒకావిడ, ఆయన కళ్ళలో ఆకలి నా కూతురి పేరుతో పిలిచింది అంది. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"నువ్వేమన్నావు?"

"జాలేసింది అన్నాను."

ఎబో లేచాడు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, చివర ఖాళీ పేజీలు ఎన్నున్నాయో చూశాడు.

"ఆవిడ ఇంకా ఏమందో మొత్తం చెప్పు" అని జరిగి, బెంచీమీద చోటిచ్చాడు. "మొదటినుంచి. ఆవిడ అన్నట్టే చెప్పు. నేనని చెప్పు."

బైడూ చెప్పడం మొదలుపెట్టాడు. అరబా ఇంకో కంచం తీసుకొచ్చింది.